వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు, ఏప్రిల్ 15లోగా మరోచోట డిపాజిట్ కట్టాలి: ఏం చేయమంటారు?

యారాడకొండ | మార్చి 24, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నేను విశాఖలోనే ఇంజినీరింగ్ చదివి, మూడేళ్లుగా మధురవాడలోని ఒక ఐటీ సంస్థలో బ్యాంకుల రిస్క్ నివేదికలు తయారుచేసే బృందంలో పనిచేస్తున్నాను. ఈ ఏడాది ఫైనాన్షియల్ ఇంజినీరింగ్, క్వాంటిటేటివ్ ఫైనాన్స్ మాస్టర్స్ కోసం అమెరికాలోని ఆరు ప్రోగ్రాములకు దరఖాస్తు చేశాను. రెండు చోట్ల రిజెక్ట్ అయ్యింది, ఒకచోట అడ్మిట్ వచ్చింది, అన్నిటికంటే నాకు ఇష్టమైనచోట ఇంటర్వ్యూ తరువాత వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు. మిగిలిన రెండింటి పోర్టల్‌లో జనవరి నుంచి "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్కే కనిపిస్తోంది.

అడ్మిట్ ఇచ్చినవారు ఏప్రిల్ 15లోగా 1,500 డాలర్ల డిపాజిట్ కట్టమన్నారు, అది వెనక్కి ఇవ్వరు. వెయిట్‌లిస్ట్‌లో పెట్టినవారు మాత్రం "సీట్లు ఖాళీ అయితే తెలియజేస్తాము" అని తప్ప ఎప్పుడో, ఎన్నో, ఏమీ చెప్పలేదు. స్టీల్ ప్లాంటులో రిటైరైన మా నాన్నగారు రోజూ అడిగే ప్రశ్న ఒక్కటే: "నీ వెయిటింగ్ లిస్ట్ నంబరెంతమ్మా, కనీసం ఆర్ఏసీ అయినా అవుతుందా?" గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్ల మీద నలభై ఏళ్లు బతికిన మనిషికి నంబరు లేని వెయిటింగ్ లిస్ట్ ఒకటి ఉంటుందని నమ్మించలేకపోతున్నాను.

న్యూయార్క్‌లో సాయంత్రం 5 గంటలకు ఆఫీసులు మూస్తే మనకు అర్ధరాత్రి దాటి 2:30 అవుతుంది. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరపకముందు అది 3:30గా ఉండేది, కాబట్టి ఈ నెలలో నాకు ఒక గంట నిద్ర కలిసొచ్చిందని మా చెల్లి ఎగతాళి చేస్తోంది.

ఈ వెయిట్‌లిస్టులు నిజంగా ఎలా కదులుతాయి, ఒకచోట డిపాజిట్ కట్టి మరోచోట ఎదురుచూడటం సబబేనా, ఎంతకాలమని ఎదురుచూడాలి అన్నవి అనుభవం ఉన్నవారు చెబితే రుణపడి ఉంటాను.

కంచరపాలెం మెట్టు | మార్చి 25, ఉదయం 7:15

నాదీ ఇదే పరిస్థితి, ఒక అడ్మిట్, ఒక వెయిట్‌లిస్ట్. ఏప్రిల్ 15 వరకు విద్యార్థిని ఎవరూ ఒత్తిడి చేయకూడదని అమెరికా విశ్వవిద్యాలయాల మధ్య ఒక ఒప్పందం ఉందని చదివాను. కాబట్టి ఆ తేదీకి ముందు గడువు పెట్టినవారిని ఆ ఒప్పందం చూపించి నిలదీయవచ్చని నా అభిప్రాయం. ద్వారకానగర్‌లో నేను వెళ్లే కన్సల్టెన్సీ వారు మాత్రం, వెయిట్‌లిస్ట్‌లోంచి కూడా పిలుపు వస్తే రెండుచోట్లా డిపాజిట్ కట్టి రెండు ఐ-20లు (విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రాలు) తెప్పించుకుని తరువాత తేల్చుకోవచ్చని చెబుతున్నారు.

ముడసర్లోవ | మార్చి 25, రాత్రి 9:05

కంచరపాలెం మెట్టు గారూ, నిలదీయకండి, మీ మాట చెల్లదు. మీరు చెబుతున్నది కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ వారి ఏప్రిల్ 15 తీర్మానం. అది ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ వంటి ఆర్థిక సహాయంతో కూడిన ఆఫర్లకు వర్తిస్తుంది. పీహెచ్‌డీకి వెళ్లేవారికి అది పెద్ద రక్షణ. మనం వెళ్లే ఫైనాన్స్ మాస్టర్స్ దాదాపు అన్నీ సొంత ఖర్చుతో చదివేవి కాబట్టి, వాటి గడువు ఫిబ్రవరిలో ఉన్నా మార్చిలో ఉన్నా ఎవరూ తప్పుపట్టలేరు. గడువు ఒక వారం పెంచమని మర్యాదగా అడగవచ్చు, కొందరు పెంచుతారు కూడా. అడగడం వేరు, హక్కుగా అడగడం వేరు.

ఇక యారాడకొండ గారి మొదటి ప్రశ్న. నేను కూడా రెండేళ్ల క్రితం న్యూయార్క్‌లోని ఒక ప్రోగ్రామ్ వెయిట్‌లిస్ట్‌లో ఉండి, జూన్ మొదటి వారంలో సీటు తెచ్చుకున్నవాడిని, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇవి చిన్న తరగతులు. ప్రిన్స్‌టన్‌లో బెండ్‌హైమ్ సెంటర్ నడిపే మాస్టర్ ఇన్ ఫైనాన్స్, న్యూయార్క్‌లో బరూక్ కాలేజీ ఎంఎఫ్ఈ (ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ మాస్టర్స్) వంటివి పదుల సంఖ్యలోనే విద్యార్థులను తీసుకుంటాయి. కార్నెగీ మెలన్ ఎంఎస్‌సీఎఫ్ (కంప్యూటేషనల్ ఫైనాన్స్ మాస్టర్స్), కొలంబియా వంటివి వాటికంటే పెద్దవి. ఎవరైనా సరే, తమ దగ్గరున్న సీట్ల కంటే ఎక్కువమందికే అడ్మిట్ పంపుతారు, ఎందుకంటే పిలిచినవారందరూ రారు. ఎంతమంది వస్తారన్న అంచనా సరిపోతే వెయిట్‌లిస్ట్ వైపు తిరిగి కూడా చూడరు. అంచనా తప్పి సీట్లు మిగిలితేనే ఆ జాబితా తెరుస్తారు. అందువల్ల నిరుడు ఎంతమందిని తీశారన్న లెక్క ఈ ఏడాదికి పనికిరాదు.

మీ నాన్నగారికి చెప్పవలసింది ఏమిటంటే, రైల్వేలో మీ ముందున్న ఒకరు రద్దు చేసుకుంటే మీ నంబరు ఒకటి తగ్గుతుంది, ఇక్కడ సాధారణంగా ఆ వరుసే ఉండదు. ఖాళీ అయిన సీటు ఎలాంటివారిదో చూసి, తరగతి కూర్పు చెడకుండా జాబితా మొత్తంలోంచి ఒకరిని ఎంచుకుంటారు. ఉద్యోగానుభవం ఉన్న ఇద్దరు తప్పుకుంటే అనుభవం ఉన్నవారికోసం వెతుకుతారు, భౌతికశాస్త్రం నేపథ్యం ఉన్నవారు ఎక్కువైపోయారనిపిస్తే మరొకరిని చూస్తారు. మీ దేశం నుంచి, మీ కళాశాల నుంచి ఇప్పటికే ఎంతమంది ఉన్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఇందులో మీ చేతిలో ఉన్నది బహు స్వల్పం.

కదలిక అలలుగా వస్తుంది. గట్టి అభ్యర్థి ఒక్కడి చేతిలో నాలుగైదు అడ్మిట్లు ఉంటాయి. అతను ఒకచోట డిపాజిట్ కట్టగానే మిగిలినచోట్ల సీట్లు విడిపోతాయి, అక్కడికి జాబితాలోంచి వెళ్లినవారు మరోచోట సీట్లు వదులుతారు. అందుకే ఏప్రిల్ మూడో వారంలో ఒక అల, మే మొదట్లో ఒకటి, వీసా రానివారు, డబ్బు కుదరనివారు తప్పుకున్నాక జూన్, జూలైల్లో చిన్న తుంపర ఒకటి ఉంటాయి. దరఖాస్తుల మొదటి రౌండులో వెయిట్‌లిస్ట్ అయినవారిని రెండో రౌండు అభ్యర్థులతో కలిపి మళ్లీ చూసే ప్రోగ్రాములూ ఉన్నాయి. బర్కిలీ ఎంఎఫ్ఈ తరగతులు మార్చిలో మొదలవుతాయి కాబట్టి దాని క్యాలెండరే వేరు, దాన్ని చూసి మిగిలినవాటిని అంచనా వేయకండి.

రెండుచోట్లా డిపాజిట్ కట్టమన్న సలహా గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది, అది రేపు రాస్తాను.

ఎర్రమట్టి దిబ్బలు | మార్చి 25, రాత్రి 10:30

యారాడకొండ అక్కా, నేనూ ఇంటర్వ్యూ తరువాతే వెయిట్‌లిస్ట్ అయ్యాను, అప్పటినుంచి ఒకే ప్రశ్న నా బుర్ర తొలుస్తోంది. నాణేన్ని ఎగరేస్తూ పోతే వరుసగా రెండుసార్లు బొమ్మ పడటానికి సగటున ఎన్నిసార్లు ఎగరేయాలని అడిగారు. ఆరు అని సరిగ్గానే చెప్పాను. వెంటనే, బొమ్మ పడి దాని తరువాత బొరుసు పడటానికి ఎన్నిసార్లని అడిగారు. రెండింటి సంభావ్యతా నాలుగో వంతే కదా అన్న ధీమాతో మళ్లీ ఆరు అనేశాను. ఆయన ఏమీ అనకుండా "ఒకసారి గీసి చూడండి" అన్నారు. అప్పుడు కాగితం మీద గీసి నాలుగని దిద్దుకున్నాను. ఆ ఒక్క తప్పుకే నన్ను జాబితాలో పడేశారని నాకు అనిపిస్తోంది.

ముడసర్లోవ | మార్చి 26, రాత్రి 8:50

ఎర్రమట్టి దిబ్బలు గారూ, ఆ రెండో ప్రశ్న అడిగేదే మొదట ఆరని చెప్పించడానికి. మొదటిదాంట్లో బొమ్మ పడ్డాక బొరుసు పడితే మళ్లీ మొదటికి వస్తారు. రెండోదాంట్లో బొమ్మ పడ్డాక ఇంకో బొమ్మ పడినా ఉన్నచోటే ఉంటారు, పోయేదేమీ లేదు. అందుకే మొదటి బొమ్మకు సగటున రెండు, తరువాతి బొరుసుకు రెండు, వెరసి నాలుగు. మీరు గీసి దిద్దుకున్నారు, వారు చూడదలచుకున్నదే అది. ఇంటర్వ్యూలో తేలిపోయినవారిని రిజెక్ట్ చేస్తారు, జాబితాలో ఉంచరు. ఇక ఆ రాత్రిని తవ్వుకోకండి.

రెండు డిపాజిట్ల విషయం. ఒకచోట డిపాజిట్ కట్టి మరొకచోట వెయిట్‌లిస్ట్‌లో కొనసాగడంలో తప్పు లేదు. విశ్వవిద్యాలయాలకు అది తెలుసు, వారి అంచనాల్లో అది కలిసే ఉంటుంది. రెండు అడ్మిట్లకూ "వస్తున్నాను" అని రాసి రెండుచోట్లా డబ్బు కట్టడం మాత్రం వేరే వ్యవహారం. మరెక్కడా అంగీకరించలేదని సంతకం చేయించుకునే ప్రోగ్రాములు ఉన్నాయి, అక్కడ మీరు అబద్ధం మీద సంతకం చేసినట్టే. ఈ రంగం చాలా చిన్నది, ప్రోగ్రామ్ డైరెక్టర్లు ఒకరికొకరు ముఖపరిచయం ఉన్నవారు. అలా సలహా ఇచ్చే ఏజెంటుకు పోయేదేమీ లేదు, పేరు పోయేది మీదే.

జ్ఞానాపురం | మార్చి 26, రాత్రి 10:10

నేను దీనితో సగమే ఏకీభవిస్తాను. నిరుడు నేను ఒక ప్రోగ్రామ్ జాబితాలో ఆగస్టు దాకా వేలాడాను. సీటు పట్టుకుని కూర్చుని, ఇంకా మంచిది వస్తే వదిలేద్దామనుకునేవారు ఉన్నంతకాలం నాలాంటివారు అలా వేలాడుతూనే ఉంటారు. మీరు డిపాజిట్ కట్టిన సీటు కోసం కూడా ఎవరో తెల్లవారుజామున లేచి పోర్టల్ చూస్తూ ఉంటారన్నది మరచిపోకండి.

మనవాళ్లకు నంబరు అలవాటవడానికి కారణం ఉంది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ర్యాంకు ప్రకారం నడుస్తుంది. మా అన్నయ్య ఐఐఎం వెయిట్‌లిస్ట్‌లో ఉన్నప్పుడు నంబరు ఇచ్చారు, అది ఎంతవరకు కదిలిందో చూసుకుంటూ గడిపాడు. అమెరికా వారు ఏమీ చెప్పరు కాబట్టి, మనం అభ్యర్థులు స్వయంగా ఫలితాలు నమోదుచేసే ట్రాకర్ పట్టికలను పట్టుకుని జోస్యాలు చెప్పుకుంటాము. ఆ పట్టికల్లో అడ్మిట్ వచ్చినవాడు ఆ రాత్రే రాస్తాడు, రిజెక్ట్ అయినవాడు చాలాసార్లు రాయనే రాయడు, జాబితాలోంచి వెళ్లినవాడు అప్పటికి వీసా హడావిడిలో ఉంటాడు. వాటిని చూసి "ఈ వారం ఫలితాలు ముగిసిపోయాయి" అనుకుని నేను నిరుడు రెండుసార్లు ఏడ్చాను, రెండుసార్లూ ఆ తరువాతే ఉత్తరాలు వచ్చాయి. యారాడకొండ గారి ఆ రెండు పోర్టళ్లలో నిశ్శబ్దాన్ని రిజెక్ట్‌గా లెక్కవేయవద్దని చెప్పడానికే ఇదంతా రాశాను.

భీమిలి బాట | మార్చి 27, ఉదయం 6:20

పిల్లలందరూ సీటు గురించి మాట్లాడుతున్నారు, డబ్బు గురించి ఎవరూ ఎత్తలేదు. నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో రుణాల విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. తెల్లవారుజామున నడక ముగించుకుని వచ్చి ఇది రాస్తున్నాను, పొడవైతే మన్నించండి.

మే నెలాఖరున, జూన్‌లో వెయిట్‌లిస్ట్‌లోంచి పిలుపు వస్తే, జవాబుకు నాలుగైదు రోజులే ఇస్తారు. ఐ-20 కావాలంటే మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము ఉన్నట్టు చూపించాలి, అంటే బ్యాంకు శాంక్షన్ లెటర్ (రుణం మంజూరు చేశామన్న ఉత్తరం) కావాలి. ఆ ఉత్తరం ఒక విశ్వవిద్యాలయం, ఒక కోర్సు పేరు మీద ఉంటుంది. మరోచోటికి మారితే ఉత్తరం మార్చి రాయించుకోవాలి. అయితే రుణం ఆలస్యమయ్యేది ఆ ఉత్తరం వల్ల కాదు, ఆస్తి కాగితాల వల్ల. అది ఏ విశ్వవిద్యాలయానికైనా ఒకే పని కాబట్టి, సీటు తేలకముందే మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టాలి కూడా.

ఒక ఉదాహరణ చెబుతాను. ఎంవీపీ కాలనీలో సొంత ఫ్లాటు, తండ్రి పేరు మీద రిజిస్ట్రేషను, పన్ను రసీదులు అన్నీ ఉన్నాయి. ఇంక కావలసినదేముందని ఆ కుటుంబం నిశ్చింతగా మే దాకా కూర్చుంది. బ్యాంకు తరఫున కాగితాలు చూసే ప్యానెల్ న్యాయవాది ఫైలు తెరిచేసరికి, స్థలం మొదటి యజమాని నుంచి బిల్డరుకు వచ్చిన లింకు డాక్యుమెంటు అసలు లేదు, జిరాక్సు మాత్రమే ఉంది. దస్తావేజులో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉంది. రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీయించి, పేరు తేడాకు అఫిడవిట్ రాయించి, ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) తెచ్చి, ఇంజినీరు వచ్చి విలువ కట్టేసరికి ఐదు వారాలు గడిచాయి. ఇంకొకరు పెందుర్తి వైపు ఉన్న స్థలం తనఖా పెడతామన్నారు, దాని లేఅవుట్‌కు అనుమతి లేదని న్యాయవాది మొదటి రోజే పక్కన పెట్టేశారు. అది మార్చిలో తెలిస్తే మరో ఆస్తి చూసుకోవచ్చు, జూన్‌లో తెలిస్తే సీటే పోతుంది.

డిపాజిట్ 1,500 డాలర్లు చేతినుంచే కట్టవలసి ఉంటుంది. రసీదు, బ్యాంకు పంపిన స్విఫ్ట్ కాగితం దాచుకోండి, అదే విశ్వవిద్యాలయానికి రుణం తీసుకుంటే మార్జిన్ సొమ్ము (ఖర్చులో మనం సొంతంగా పెట్టే వాటా) కింద చూపవచ్చేమో మీ శాఖలో అడగండి. విదేశీ చదువుకు ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా 15 శాతం మార్జిన్ అడుగుతాయి. బ్యాంకు రుణం నుంచి పంపే ఫీజుపై 2025 ఏప్రిల్ 1 నుంచి టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) లేదు, కాబట్టి ఇంట్లో డబ్బు ఉన్నా కొంత రుణం తీసుకోవడం గురించి ఆలోచించవచ్చు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి విద్యా రుణం వడ్డీపై ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంటుంది.

యారాడకొండ | మార్చి 27, రాత్రి 9:30

భీమిలి బాట గారూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన మారుమాట్లాడకుండా బీరువా తెరిచి గులాబీ రంగు ఫైలు బయటకు తీశారు. గాజువాకలో మా ఇంటి 1994 నాటి దస్తావేజులో తాతగారి పేరులో ఒక అక్షరం తేడా ఉందని ముప్ఫై ఏళ్ల తరువాత ఈ రాత్రి మాకు తెలిసింది. రేపే న్యాయవాదిని కలుస్తున్నాము.

ఇంకొక సహాయం కావాలి. ఆసక్తి ఇంకా ఉందని వెయిట్‌లిస్ట్ ప్రోగ్రామ్‌కు ఒక ఉత్తరం రాశాను. ఒకటిన్నర పేజీ వచ్చింది. చిన్నప్పటి నుంచి అంకెలంటే నాకున్న ఇష్టంతో మొదలై, ఆ నగరం అంటే ఉన్న మక్కువ, ప్రోగ్రామ్ ర్యాంకు, నా పట్టుదల, చివర్లో ఒక కృతజ్ఞత. మా చెల్లి చదివి "పెళ్లిచూపుల బయోడేటాలా ఉంది" అంది.

ముడసర్లోవ | మార్చి 28, రాత్రి 9:15

మీ చెల్లెలి మాట నిజం. ముందుగా వారి ఉత్తరంలో అదనపు సమాచారం పంపవద్దని రాశారేమో చూడండి, అలా రాసి ఉంటే అసలు పంపకండి. పంపవచ్చు అంటే అర పేజీ చాలు.

మొదటి వాక్యంలోనే, సీటు ఇస్తే తప్పకుండా చేరతానని రాయండి. ఇది ఒక్క ప్రోగ్రామ్‌కే రాయగల వాక్యం, ఇద్దరికి రాస్తే అది మాట తప్పడమే. తరువాత, దరఖాస్తు పంపిన రోజుకూ నేటికీ మధ్య నిజంగా మారినవి మాత్రమే చెప్పండి. స్టొకాస్టిక్ క్యాలిక్యులస్ ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి గ్రేడు వచ్చిందా, సీ ప్లస్ ప్లస్ సర్టిఫికెట్ చేతికొచ్చిందా, ఆఫీసులో మీ పని విలువ మారిందా, అంతే. "బృందంలో కీలకపాత్ర" అనకండి. ఏ బ్యాంకు నివేదికలో ఏ లెక్కను మీరు తిరగరాశారో, దానివల్ల రాత్రంతా నడిచే పని ఎన్ని గంటలకు తగ్గిందో చెప్పండి. చివరగా, రుణం సిద్ధంగా ఉందని ఒక వాక్యం రాయండి. పిలిచిన వెంటనే వచ్చేవారు కావాలి వారికి, జూన్‌లో సీటు ఇచ్చి జూలైలో మళ్లీ వెతుక్కోవడం వారికీ కష్టమే.

ఒకసారి పంపండి, ఏప్రిల్ 15 దాటాక కొత్త విషయం ఉంటే మరోసారి పంపండి. ప్రొఫెసర్లకు విడివిడిగా ఉత్తరాలు రాయడం, వారం వారం కబురు అడగడం వంటివి మాత్రం వద్దు.

యారాడకొండ | మార్చి 29, రాత్రి 10:00

ఉత్తరం పదకొండు వాక్యాలకు దిగింది. మూడేళ్లలో నేను చేసిన పని గురించి ఇంత తక్కువ మాటల్లో ఇంత కచ్చితంగా ఎప్పుడూ చెప్పుకోలేదు. నాలుగు గంటలు నడిచే లెక్క యాభై నిమిషాలకు వచ్చిన సంగతి నా దరఖాస్తులో అసలు రాయనే లేదని ఇప్పుడు గమనించాను. పంపేశాను.

జ్ఞానాపురం | ఏప్రిల్ 2, రాత్రి 8:40

వీసా గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎంతకాలం ఎదురుచూడాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. విశాఖలో కాన్సులేట్ లేదు, మనకు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడకు వెళ్లక తప్పదు. వేలిముద్రలకు ఒకరోజు, ఇంటర్వ్యూకు ఒకరోజు, దానికి ముందు స్లాటు దొరకడమే ఒక యజ్ఞం. 2025 మే నెలాఖరున కొత్త విద్యార్థి వీసా స్లాట్లు ఇవ్వడమే ఆపేశారు, జూన్ మూడో వారంలో సామాజిక మాధ్యమ ఖాతాలు అందరికీ కనిపించేలా ఉంచాలన్న నిబంధనతో తిరిగి మొదలుపెట్టారు. నేను జాబితాలో వేలాడిన ఏడాది అదే. ఆగస్టులో నాకు పిలుపు వచ్చి ఉన్నా ఏమీ చేయగలిగేవాడిని కాదు.

సాంకేతికంగా కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. ఒక ఐ-20 మీద కట్టిన 350 డాలర్ల సెవిస్ ఫీజును (విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా ప్రభుత్వం తీసుకునే రుసుమును), విశ్వవిద్యాలయం మారితే కొత్త ఐ-20కి బదిలీ చేయించుకోవచ్చు. అయితే వీసా ముద్ర పడిపోయిన తరువాత మారితే చిక్కు. వీసా మీద ఏ విశ్వవిద్యాలయం పేరు ఉందో ఆ ఐ-20తోనే మొదటిసారి ఆ దేశంలో అడుగుపెట్టాలి, లేకపోతే మళ్లీ వీసాకు వెళ్లాలి. కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్లే రోజే మీ వెయిట్‌లిస్ట్‌కు ఆఖరి రోజని నేను అనుకుంటాను. ఆ తేదీ ఏదో మీరే ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోండి, ఆ రోజు వచ్చాక రాసుకోవడం కుదరదు.

యారాడకొండ | ఏప్రిల్ 14, రాత్రి 11:20

డిపాజిట్ కట్టాను. ఆ రెండు పోర్టళ్లలో ఒకటి రిజెక్ట్ అయ్యింది, రెండోది ఇంకా పలకలేదు. వెయిట్‌లిస్ట్‌కు నేను రాసుకున్న ఆఖరి తేదీ జూన్ 10. నాన్నగారు దాన్ని వంటగదిలో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టారు. ఇంటికి వచ్చిన బంధువులందరూ ఆ రోజు ఎవరి పెళ్లని అడుగుతున్నారు.

ఎర్రమట్టి దిబ్బలు | మే 4, ఉదయం 5:50

నన్ను జాబితా నుంచి తొలగించినట్టు ఉత్తరం వచ్చింది. నాకు చేతిలో మరో అడ్మిట్ లేదు. ఈ ఏడాది ఇక్కడే ఉద్యోగం చేస్తూ మళ్లీ దరఖాస్తు చేస్తాను. నా జీఆర్ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, టోఫెల్ మాత్రం రెండేళ్లే కాబట్టి మళ్లీ రాయవలసి వస్తుంది. జ్ఞానాపురం గారూ, రెండోసారి దరఖాస్తులో మీరు ఏం మార్చారు?

జ్ఞానాపురం | మే 4, రాత్రి 9:00

ప్రోగ్రాముల జాబితా మార్చాను. మొదటిసారి నేను ర్యాంకు పట్టికలో పైనుంచి ఏడు పేర్లు రాసుకుని అన్నిటికీ పంపాను. రెండోసారి తరగతి పెద్దదిగా ఉన్నవి మూడు, చిన్నవి రెండు పెట్టుకున్నాను, మొదటి రౌండులోనే పంపాను, ప్రాబబిలిటీ సిద్ధాంతంలో ఉన్న నా బలహీనమైన మార్కుకు తోడుగా ఒక కోర్సు చదివి గ్రేడు చూపించాను. ఈసారి రెండు అడ్మిట్లు వచ్చాయి. ఒకటి ఎంచుకుని రెండోది అదే రోజు వదిలేశాను.

యారాడకొండ | జూన్ 11, ఉదయం 8:10

నిన్న జూన్ 10. ఏ కబురూ రాలేదు. మధ్యాహ్నం భోజనం చేశాక రెండు వాక్యాల ఉత్తరం రాసి వెయిట్‌లిస్ట్ నుంచి తప్పుకున్నాను. ఈ ఉదయం లేచేసరికి పోర్టల్‌లో నా పేరు పక్కన "ఉపసంహరించుకున్నారు" అని మారింది, రాత్రి 2:30కు మాత్రం లేవలేదు. డిపాజిట్ కట్టినచోట ఐ-20 వచ్చింది, పంతొమ్మిదో తేదీన హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ, పదిహేడున గోదావరికి కన్ఫర్మ్ టికెట్ దొరికింది. క్యాన్సిల్ చేసుకుంటే దరఖాస్తు ఫీజు కొంతైనా వెనక్కి ఇస్తారా అని నాన్నగారు అడుగుతున్నారు.

కంచరపాలెం మెట్టు | జూన్ 12, తెల్లవారుజాము 3:05

నాకు సీటు వచ్చింది! ఇప్పుడే ఉత్తరం చూశాను, జాబితాలోంచి తీసుకున్నారు, ఐదు రోజుల్లో జవాబివ్వమన్నారు. నేను ఒక్క డిపాజిట్టే కట్టాను, అది పోయినా ఫర్వాలేదు, ఉదయమే ఆ ప్రోగ్రామ్‌కు రాసి సీటు వదిలేస్తాను. వీసాకు ఇంకా స్లాటు తీసుకోలేదు. నా శాంక్షన్ లెటర్ పాత విశ్వవిద్యాలయం పేరు మీద ఉంది. భీమిలి బాట గారూ, మీరు లేచాక దయచేసి చూడండి, ఇప్పుడు బ్యాంకులో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలా?

భీమిలి బాట | జూన్ 12, ఉదయం 6:15

శుభం. మొదటినుంచి అక్కర్లేదు. కొత్త అడ్మిషన్ లెటరు, ఆ విశ్వవిద్యాలయం ఫీజు, జీవనవ్యయం అంచనా ఉన్న కాగితం, పాత శాంక్షన్ లెటరు పట్టుకుని, పేరు మార్చమని ఒక దరఖాస్తుతో మీ శాఖకు ఈరోజే వెళ్లండి, అమ్మానాన్నలు సహ రుణగ్రహీతలైతే వారిద్దరినీ వెంట తీసుకెళ్లండి, సంతకాలకు మరో రోజు పడకుండా ఉంటుంది. ఫీజు పెరిగితే రుణం మొత్తం కూడా పెంచమని అదే కాగితంలో అడగండి. న్యాయవాది అభిప్రాయం, విలువ నివేదిక పాతవే చెల్లుతాయి. ఈసీ మాత్రం మీరు మార్చిలో తీయించినది, తనఖా తేదీ వరకు కొత్తది అడుగుతారు, బ్యాంకుకు వెళ్లేముందే దానికి దరఖాస్తు పెట్టేయండి.